నీలిలంక కాలువలో తాబేలు లేదని నేను నెగ్గిన వాదం

చూపు 1
ఫిబ్రవరి 3, నీలిలంక లాకులు

ఈ పుస్తకం ప్రాణుల నమోదు మండలికి ఇచ్చేది కాదు. మండలికి ఇచ్చే పుస్తకానికి ఎర్ర అట్ట ఉంటుంది. అందులో నా సందేహాలుంటాయి తప్ప నేనుండను. ఇందులో నేనుంటాను.

నన్ను ఈ ఉదయం నీలిలంక లాకులకు ప్రతిసాక్షిగా పంపారు. ఉత్తర్వులో ఉన్నవి రెండే వాక్యాలు. కాలువలో ఏ అడవి ప్రాణిని చూశానని సాక్షి చెప్పినా నేను నమ్మరాదు. నమ్మకపోవడానికి మూడు కారణాలు చూపాలి. మూడేళ్లుగా విశ్వవిద్యాలయ వాదపోటీల్లో ఓడని ఇరవయ్యేళ్ల మనిషికి ఇంతకంటే నప్పే పని మరొకటి లేదని నా అభిప్రాయం.

ఒకప్పుడు ఫోటో చూపిస్తే సరిపోయేదట. ఎవరికి వారు ఇంట్లో కూర్చుని, కావలసిన కాలువలో కావలసిన ఏనుగును ఈదించడం మొదలుపెట్టాక ఫోటోకు పరువు పోయింది. ఇప్పుడు మండలి రెండు జతల కళ్లను నమ్ముతుంది. అందులో ఒక జత ఒప్పుకోనిదై ఉండాలి. మనుషులు కనిపెట్టిన పద్ధతుల్లో ఇంత నిజాయితీ గలది లేదని ఎవరితోనైనా వాదిస్తాను.

సాక్షి పేరు దొరబాబు. లాకుల లస్కరు. తలుపులు ఎత్తడం, దించడం, కొట్టుకొచ్చిన చెత్త లాగడం ఆయన ఉద్యోగం. నేను వెళ్లేసరికి గట్టు మీద గొంతుకూర్చుని పళ్లు తోముకుంటున్నారు.

"మా సందేహాలమ్మాయివి నువ్వేనా?"

"ప్రతిసాక్షినండి. గుబ్బల తరణి."

"టిఫిను తిన్నావా?"

"సాక్షి ఇంట్లో ప్రతిసాక్షి తినకూడదని నియమం ఉందండి."

"ఇది ఇల్లు కాదు కదా, గట్టు."

నేను తినలేదు. ఆయన రెండోసారి అడగలేదు. గంట తర్వాత నీళ్లలోకి వేలు చూపించారు. చింతగింజంత నల్లటిది ఒకటి నీటి మీద నిలిచి, మునిగిపోయింది.

"తాబేలు ముక్కు," అన్నారు.

బుడగ కావచ్చు, బురదమట్ట చేప తల కావచ్చు, తేలే గింజ కావచ్చు. మూడు కారణాలు. ఎర్ర పుస్తకంలో కొట్టివేత రాశాను. ఆయన అదేదో సరదా విషయమైనట్టు నవ్వారు. ఇందులో నవ్వవలసిందేమీ లేదు. ఉప్పునీరు ఏటేటా లోపలికి ఎక్కుతున్నందువల్ల మంచినీటి కాలువలను ఒక్కొక్కటిగా గొట్టాల్లోకి మారుస్తున్నారు. ఏప్రిల్ 15న నీళ్లు ఆపి కాలువలు కట్టేస్తారు. ఆలోగా నీలిలంక కాలువలో ఒక్క అడవి ప్రాణి నమోదైతే మరో పదేళ్లు ఈ నీళ్లు ఆకాశం కింద పారతాయి. లేదంటే కట్టేసిన కాలువను మళ్లీ వదలరు. ఆరిన మన్నులో గొట్టం పరిచి పైన రోడ్డు వేస్తారు. గొట్టానికి లాకులుండవు. లాకులు లేని చోట లస్కరుండడు.

గత మూడేళ్లలో ఈ కాలువ మీద నమోదైన ప్రాణులు: సున్న.


చూపు 2
ఫిబ్రవరి 19, కోరంగి దాటాక సముద్రపు ఒడ్డు

వాదపోటీకి వచ్చాం. మా జట్టులో మొదటి వక్తను నేను, రెండో వక్త ఓలేటి శ్రుతకీర్తి. మొదటి వక్త కావాలని ఆమెకు కోరిక. ఆ కోరికను ఆమె దాచుకోదు, అందుకే ఆమె అంటే నాకు ఇష్టం.

తెల్లవారాక ఒంటరిగా ఇసుకలో నడిచాను. ట్రాక్టరు చక్రం పోయినట్టు ఒక చార సముద్రంలోంచి వచ్చి, వంపు తిరిగి మళ్లీ సముద్రం వైపు పోయింది. ఇక్కడికి ట్రాక్టరు రాదు. చార వెంట నడిస్తే చివరలో ఆమె ఉంది. గుడ్లు పెట్టి వెళ్తూ ఆలస్యమైన సముద్రపు తాబేలు. నాలుగడుగులు వేసి ఆగుతుంది, పెద్దగా ఊపిరి వదులుతుంది, మళ్లీ నాలుగడుగులు. కళ్ల వెంట నీరు కారుతోంది. అది ఒంట్లో ఉప్పును బయటికి పంపడానికే తప్ప దుఃఖం కాదని పుస్తకాల్లో చదివాను. చదివినా ప్రయోజనం లేకపోయింది. నాకూ కళ్లు చెమర్చాయి.

పక్కన ఒప్పుకోని మనిషి లేనందువల్ల చట్టం ప్రకారం నేనేమీ చూడలేదు. తొలి అల ఆమె వీపు మీదుగా పోయినప్పుడు బరువంతా మాయమై, ఆమె ఒక్కసారిగా తేలికైపోవడం కూడా నేను చూడలేదు.


చూపు 3
మార్చి 2, అనంతపురం వైపు రైల్లో

సిగ్నలు లేక రైలు రేగుపొదల మధ్య నలభై నిమిషాలు ఆగింది. కిటికీలోంచి చూస్తే పొద నీడలో వీపు మీద పసుపు నక్షత్రాలున్న తాబేలు. శ్రుతకీర్తిని గుంజి లేపాను.

"అదిగో, నీడలో. నక్షత్ర తాబేలు."

"రాయి."

"రాయికి చుక్కలుంటాయా?"

"రాళ్లకు ఏముండవో నీకు పూర్తిగా తెలుసా?"

"కదిలిందే. నేను చూశాను."

"నువ్వు కదలాలని చూశావు. అది కదిలిందని నువ్వు చెప్తున్నావు. నేను మాత్రం రాయిని చూస్తున్నాను. ఇంకేమైనా ఉందా, నిద్ర పోనా?"

నా పద్ధతే. నా మాటల కూర్పే. మొదటిసారి దాని అవతలి వైపు నిలబడ్డాను. నాకు తెలిసిన విషయాన్ని తెలియజెప్పే మాట నా దగ్గర ఒక్కటీ లేదని గ్రహించి, కోపంతో కిటికీ చువ్వ పట్టుకున్నాను. రైలు కదిలాక పొదలోంచి మెడ బయటికి వచ్చింది. శ్రుతకీర్తి అప్పటికే దుప్పటి కప్పుకుంది.


చూపు 4
మార్చి 14 నుంచి 18 వరకు, నీలిలంక లాకులు

ముందు మేతబొచ్చె గురించి రాయాలి, ఎందుకంటే వాదమంతా దాని మీద నడిచింది. తిరగేసిన బొచ్చెలాంటి యంత్రం అది. కాలువలో ఈదుతూ గుర్రపుడెక్క మేస్తుంది. పొద్దెక్కాక మెట్ల మీదికి పాకి ఎండలో ఛార్జి ఎక్కించుకుంటుంది. ప్రతి హాస్టలుకూ ఒకటి ఇస్తారు; వారానికోసారి దాని వీపు మీద నాచు గీకే వంతు నాకూ వస్తుంది. ప్రతిదానికీ వీపు మీద నంబరుండాలి. నంబరు లేని నాసిరకం బొచ్చెలు నీళ్లలో ప్లాస్టిక్ వదులుతాయి కాబట్టి కనబడితే పట్టుకుపోయి షెడ్డులో పడేస్తారు.

14వ తేదీన లాకుల మూడో మెట్టు మీద ఒకటి కనబడింది. నున్నటి గోధుమాకుపచ్చ వీపు, దాని మీద పసుపు మచ్చలు. నంబరు లేదు. మర్నాడు అదే మెట్టు, అదే పదకొండు గంటల వేళ. మూడో రోజూ, నాలుగో రోజూ అంతే. దొరబాబు గారు ఈ నాలుగు రోజులూ చెత్త లాగడం మానేశారు, చప్పుడైతే అది బెదురుతుందని.

నమోదు అధికారి మార్తమ్మ గారు గురువారాల్లో పడవ మీద వస్తారు. ఇవాళ వచ్చి, గట్టు మీద కుర్చీ వేయించుకుని, కళ్లజోడు తుడుచుకుని, "చెప్పండి దొరబాబు గారూ," అన్నారు.

"తాబేలండి. మూడో మెట్టు మీద. నాలుగు రోజులై చూస్తున్నానండి."

నేను లేచాను. ఒకటి, నాలుగు రోజులూ ఒకే వేళకు ఒకే చోటికి రావడం ఛార్జి వేళ పాటించే యంత్రం గుణం. రెండు, అది వీపును సూర్యుడి వైపు వంచి కూర్చుంటుంది. మూడు, నేను దగ్గరికి వెళ్లినప్పుడు వెనక భాగంలో రెండు మూతలు దానంతట అవే మూసుకున్నాయి. మేతబొచ్చెకు కూడా వెనకనున్న రెక్కల మీద సరిగ్గా అలాంటి రెండు మూతలే ఉంటాయి, గట్టెక్కగానే మూసుకుంటాయి. నేను చదివిన ఏ పుస్తకంలోనూ వెనక కాళ్లకు తలుపులున్న తాబేలు లేదు.

"దానికేమంటారు?" అని మార్తమ్మ గారు అడిగారు.

"చూస్తే తెలుస్తుందండి తాబేలని."

"చూస్తే నాకు బొచ్చె అని తెలిసింది," అన్నాను. "ఇద్దరం చూశాం. మీ చూపు నా చూపు కంటే ఎందులో ఎక్కువండి?"

ఆయన కాసేపు తువ్వాలు మడత పెట్టుకున్నారు. "ఒకటుందమ్మా. బొచ్చె మనల్ని చూడదు. అది నన్ను చూసింది."

"వస్తువు తనను చూసిందని సాక్షి అనుకోవడం సాక్షి మనసు గురించి చెప్తుంది, వస్తువు గురించి కాదు."

మార్తమ్మ గారు నా వైపు కొంచెం ఎక్కువసేపే చూసి, కొట్టివేత అని రాశారు. నంబరు లేని యంత్రం కాబట్టి పట్టుకుపొమ్మని ఆదేశం కూడా రాశారు. సాయంత్రానికి ఇద్దరు వలతో వచ్చారు. నేను మెట్ల వైపు చూడలేదు. తర్వాతి పోటీ ఉపన్యాసం తలలో కూర్చుకుంటున్నాను.

"మెల్లగా పట్టండర్రా," అని మాత్రం దొరబాబు గారు అనడం వినిపించింది.

వాళ్లు పోయాక పెసరట్టు తెచ్చి నా ముందు పెట్టారు. "నెగ్గావు కదా, తిను. కొట్టేశారు గనక ఇవాళ్టికి నేను సాక్షిని కాను."

నియమం ఆయన వైపే ఉంది. తిన్నాను. అల్లం ఎక్కువ వేశారు. "చాలా బాగుంది బాబాయ్," అన్నాను. ఆ పిలుపు ఎప్పుడు నోటికొచ్చిందో తెలియదు.

"ఇంతలా మాట్లాడతావు, పొట్టలోకి తిండెప్పుడు పోతుందా అనుకునేవాణ్ని," అన్నారాయన.


చూపు 5
మార్చి 24, మరమ్మతు షెడ్డు

మా హాస్టలు బొచ్చె గుండ్రంగా తిరగడం తప్ప ముందుకు పోవడం మానేసింది. దాన్ని సైకిలు మీద పెట్టుకుని జుబేదా అక్క షెడ్డుకు తీసుకెళ్లాను. ఊళ్లో యంత్రాలన్నిటికీ ఆవిడే వైద్యురాలు. రిజిస్టరులో నా వంతు రాస్తూ పై వరుస చూశాను.

"నంబరు లేదు. స్క్రూలు లేవు. ఆరు రోజులుగా ఛార్జి ఎక్కడం లేదు. ముందు గొట్టం అప్పుడప్పుడు బయటికి వస్తోంది. 22న వేలు కొరికింది. రేపు కోత మిషను మీద తెరవాలి."

"అక్కా, ఇదేది?"

"ఆ మూల గోనెపట్టా కింద ఉంది చూడు. ఎవడి తయారో గానీ అతుకు లేకుండా చేశాడు. అంత పనితనం నేనెక్కడా చూళ్లేదు." కట్టు కట్టిన వేలు చూపించింది. "ఛార్జింగు పలక మీద పెడితే దిగి పోతది. పొడిగా ఉంటే డీలా పడిపోతోందని తడిపట్టా కప్పుతున్నా."

"కొరికిందని నువ్వే రాశావు. యంత్రం కొరుకుతుందా?"

"నాకూ అనుమానమొచ్చిందమ్మాయ్. అయితే అనుమానించడం మీ ఉద్యోగం, బాగుచెయ్యడం నాది. కాగితం మీద బొచ్చె అని రాసొచ్చింది. మార్తమ్మ గారి సంతకం కూడా ఉంది."

గోనెపట్టా ఎత్తాను. వెనకనున్న రెండు మూతలు మూసుకునే ఉన్నాయి. సిమెంటు నేల మీద మోకాళ్లు ఆనించి, కదలకుండా కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. ముందువైపు అంచు కిందినుంచి సన్నటి గొట్టం ముక్కు వచ్చింది, దాని వెనక పొడవాటి మెడ, అటూ ఇటూ పసుపు చారలు. రెండు చిన్న కళ్లు. అవి నన్ను చూశాయి.

ఆయన చెప్పింది ఇదే. నేను దీన్నే కదా ఎగతాళి చేశాను.

"జుబేదక్కా," అన్నాను, "ఈ వెనక మూతల సంగతేంటి? బొచ్చెకు ఇలాంటివి ఎవరు పెట్టారు?"

"మా మేస్త్రీ చెప్పేవాడు, మొదట్లో బొచ్చెలకు గట్టెక్కగానే రెక్కల్లో ఇసుక పడిపోయేదట. అప్పుడు తయారుచేసినోళ్లు కాలువ తాబేలుని చూసి ఆ మూతలు కాపీ కొట్టారంట. వెనక కాళ్లు లోపలికి లాక్కుని తలుపేసుకుంటది కదా అది."

తాబేలును చూసి బొచ్చెను చేశారు. నేను బొచ్చెను చూసి తాబేలును కొట్టేశాను. మూడో కారణం నా వాదంలో బలమైనదని గర్వపడ్డాను. అదే రేపు దీన్ని కోత మిషను కిందికి పంపబోయింది.

"కోయొద్దక్కా. ఒక్క నాలుగు రోజులు."

"సంతకం తీసుకురా. పట్టా నేను తడుపుతుంటా." కట్టు కట్టిన వేలితోనే దాని వీపు మీద నీళ్లు చిలకరించింది. "ఏం కొరుకుతావే నన్ను," అంది దానితో.


చూపు లేని రోజు
మార్చి 25, లాకుల గట్టు

నియమావళి రెండుసార్లు చదివాను. దారి ఒక్కటే ఉంది. పట్టుబడిన ప్రాణిని ఊరికే వదిలేస్తే అది "వదిలినది" అవుతుంది. ఇక జన్మలో అడవి ప్రాణిగా నమోదు కాదు. కొట్టివేత చెల్లకపోతేనే పట్టుకోవడం కూడా చెల్లదు. కొట్టివేత చెల్లకూడదంటే ప్రతిసాక్షి స్వయంగా ఓటమి వాంగ్మూలం ఇవ్వాలి. ఇచ్చిన ప్రతిసాక్షి మళ్లీ ఎప్పటికీ ప్రతిసాక్షి కాలేదు, వాదపోటీ జట్టులోనూ ఉండకూడదు. ఏప్రిల్ ఎనిమిదిన తుది పోటీ.

బాబాయ్‌కి అంతా చెప్పాను. తిడతారని ఎదురుచూశాను, తిడితే జవాబు చెప్పడం నాకు తేలిక.

"బతికుందా?" అని మాత్రం అడిగారు.

"బతికుంది. జుబేదక్క వేలు కొరికింది."

"అయితే బాగానే ఉన్నట్టు." తువ్వాలు దులిపి భుజాన వేసుకుని అన్నారు, "నీ పోటీ పోతుందంటున్నావు."

"పోతుంది."

"మూడేళ్లు గెలిచావు కదమ్మా దానికోసం."

"మీ కాలువ పోతుంది కదా."

"కాలువ నాది కాదు. జీతానికి తలుపులెత్తుతాను, అంతే." ఆ మాట ఆయన నీళ్ల వైపు తిరిగి అన్నారు. ఆయన వాదనల్లో నేను విన్నవాటన్నిటిలో బలహీనమైనది అదే. ఖండించకుండా వదిలేశాను.


విచారణ
మార్చి 28, మార్తమ్మ గారి పడవ కార్యాలయం

ఓటమి వాంగ్మూలానికీ ఒప్పుకోని మనిషి ఒకరుండాలట. ఆ సంగతి నేను మరిచిపోయాను. పడవలో అడుగుపెట్టేసరికి నా ఎర్ర పుస్తకం ఒళ్లో పెట్టుకుని శ్రుతకీర్తి కూర్చుని ఉంది.

"క్షమించు," అంది మెల్లగా. "నేను బాగా చేస్తానని నీకు తెలుసు."

"బాగా చెయ్యకపోతే నీతో మాట్లాడను," అన్నాను.

నా మూడు కారణాలనూ నేనే ఒక్కొక్కటిగా విరగ్గొట్టాను. ఎండ కోసం రోజూ ఒకే చోటికి రావడం తాబేలు అలవాటు. యంత్రం ఆ అలవాటును అనుకరించింది. సూర్యుడి వైపు వీపు వంచడం కూడా అంతే. వెనక మూతల సంగతి జుబేదా అక్క వచ్చి, వేలి కట్టు విప్పి మరీ చెప్పింది. తాబేలును తడి గంపలో తెచ్చి పడవ మధ్యలో పెట్టారు. అది తలుపులన్నీ వేసుకుని కూర్చుంది, సహకరించే ఉద్దేశం లేనట్టు.

శ్రుతకీర్తి లేచింది. "ఇది తాబేలేనని నేను ఒప్పుకుంటున్నాను. నా సందేహం తాబేలు మీద కాదు. మూడో మెట్టు మీద కనబడినదే షెడ్డులో ఉన్నదని ఎవరు చెప్తున్నారు? తరణి చెప్తోంది. తరణి ఎవరు? సాక్షి చేతి పెసరట్టు తిన్నానని తనే నాతో చెప్పిన ప్రతిసాక్షి. సాక్షిని బాబాయ్ అని పిలిచే ప్రతిసాక్షి. రైలు కిటికీలోంచి రాయిని చూసి మురిసిపోయిన మనిషి, దానికి సాక్షిని నేనే. ఇష్టం చూపును చెడగొడుతుంది. అందుకే కదా ఈ పదవిలో ఒప్పుకోని వాళ్లను పెడతారు. ఇష్టపడ్డ మనిషి ఓటమికి విలువేముంది?"

అందమైన వాదం. నేనైనా అదే చేసేదాన్ని. దొరబాబు బాబాయ్ తల వంచుకున్నారు. పెసరట్టు తన తప్పైనట్టు.

"ఇష్టమే," అన్నాను. "ఆయనంటే ఇష్టం. తాబేళ్లంటే ఇష్టం. కోరంగి ఒడ్డున ఒకదాన్ని చూసి ఏడ్చాను, అది కూడా రాసుకో. అయితే తేదీలు చూడండి మార్తమ్మ గారూ. మార్చి 14 నుంచి 18 వరకు ఈ ప్రాణి మీద నాకు ఏ ఇష్టమూ లేదు. నాలుగు రోజులు రోజుకు గంటసేపు, మూడడుగుల దూరంలో నిలబడి, ఏ మమకారమూ లేని కళ్లతో దీన్ని చూశాను. యంత్రమని తేల్చాను. ఇష్టం లేని చూపు తప్పు చూడదని నా స్నేహితురాలి నమ్మకం. నాదీ అదే ఉండేది. ఆ చూపే దీన్ని కోత మిషను దాకా తీసుకెళ్లింది. ఈయనకు దీనిమీద ఇష్టముంది. నలభై ఏళ్లుగా చూస్తున్నారు. వెనక మూతల సంగతి ఈయనకు తెలుసు, చెప్పడం రాలేదు, నేను చెప్పనివ్వలేదు. ఇక మూడో మెట్టు మీదిదే ఇది అని ఎలా తెలుసంటారా? కుడివైపు అంచున, మెడ పక్కన, మూడు పసుపు మచ్చలు కలిసిపోయి తమలపాకులా ఉన్నాయి. మార్చి 15న నా ఎర్ర పుస్తకంలో 'యంత్రం రంగు సరిగా వేయలేదు' అని రాసి, పక్కన ఆ బొమ్మ వేశాను. తెరిచి చూడండి."

శ్రుతకీర్తి పుస్తకం తెరిచింది. గంప దగ్గర గొంతుకూర్చుంది. చాలాసేపు చూసింది. తాబేలు మెడ బయటపెట్టి ఆమెను చూసింది.

"ఇంకేమైనా సందేహముందా అమ్మా?" అని మార్తమ్మ గారు అడిగారు.

"ఉంది," అంది గంప మీదినుంచి కళ్లు తిప్పకుండా. "దీనికి ఆకలేస్తోందేమో."

తీర్పు అక్కడే రాశారు. చూపు నమోదైంది. అయితే కాలువ మొత్తానికి కాదు. ఒక్క ప్రాణికి ఒక్క మడుగు అని నియమం. లాకుల నుంచి వంతెన దాకా రెండు కిలోమీటర్లు పదేళ్లు తెరిచి ఉంటుంది. వంతెన దిగువన ఐదు కిలోమీటర్లు గొట్టంలోకి పోతుంది. నేను వాదించబోయాను.

"నువ్వు ఇక వాదించడానికి వీల్లేదు తరణీ," అన్నారు మార్తమ్మ గారు, నా ఓటమి పత్రం మీద ముద్ర వేస్తూ. తర్వాత స్వరం తగ్గించారు. "కాలువ కట్టేశాక గొట్టం పరిచేందుకు వారం పడుతుంది. ఆ వారంలో దిగువన ఏదైనా ప్రాణి దొరికితే ఎగువకు మార్చుకోవచ్చని రాశాను. దొరికితే."


చూపు 6
మార్చి 28, సాయంత్రం, మూడో మెట్టు

బాబాయ్ నా చేతే దింపించారు. నీటి అంచున పెట్టి వెనక్కి జరిగాం. వెనక తలుపులు తెరుచుకున్నాయి, కాళ్లు వచ్చాయి, ముక్కు వచ్చింది. వెనక్కి చూడకుండా పోయింది. నీటి మీద బుడగల చార మడుగు నడుమ నుంచి వంతెన వైపు, దిగువకు సాగింది.

"అటు కాదు," అన్నాను పైకే.

"దానికేం తెలుసమ్మా, ఎక్కడి దాకా తీర్పిచ్చారో," అన్నారు బాబాయ్.


చూపు 7
ఏప్రిల్ 18, వంతెన దిగువన

తుది పోటీలో మా విశ్వవిద్యాలయం గెలిచింది. శ్రుతకీర్తి మొదటి వక్త. ఆ రోజు నేను లాకుల దగ్గర తలుపులకు గ్రీజు పూస్తున్నాను.

కాలువ కట్టేసి మూడు రోజులైంది. నీళ్లు దిగిపోయి నడుమ నల్లటి బురద, అక్కడక్కడ మోకాలిలోతు గుంటలు. ఆవలి చివర గొట్టాలు దించుతున్నారు. వాటి చప్పుడు రోజుకొక ముప్పావు కిలోమీటరు దగ్గరికి వస్తోంది. నీళ్లు తీసేస్తే తాబేళ్లు బురదలో పూడుకుని వానల కోసం ఎదురుచూస్తాయట. ఈసారి వాటి మీదికి వచ్చేది వాన కాదు.

ఇక్కడ కళ్లతో పని లేదు. చెప్పులు విప్పి దిగాను. ఎలా వెతకాలో బాబాయ్ నేర్పారు: అడుగు వేయకుండా పాదాన్ని జార్చాలి, బరువు తర్వాత వేయాలి. కుండపెంకు గీసుకుంటుంది, దుంగ జారుతుంది, తాబేలు మాత్రం పాదాన్ని పైకి నెడుతుంది. మొదటిది గంటన్నర తర్వాత దొరికింది. మోచేతుల దాకా బురదలోకి పోనిచ్చి, రెండు వైపులా పట్టుకుని పైకి లేపాను. మూతలు వేసుకుని, బరువుగా, చల్లగా ఉంది. తమలపాకు మచ్చ లేదు. ఇది వేరేది.

మార్చడానికి కూడా ప్రతిసాక్షి కావాలి కాబట్టి శ్రుతకీర్తి గట్టు మీద గొడుగు కింద కుర్చీలో కూర్చుంది. మొదటిదానికి మూడు సందేహాలు చెప్పింది. రెండోదానికి రెండు. నాలుగోది దొరికేసరికి "తాబేలే, ఎత్తు," అంది. ఆరోదానికి మచ్చ ఉంది. బాబాయ్ దాన్ని రెండు చేతుల్లోనూ ఎత్తుకుని, గంపలో పెట్టకుండా, ఎగువ మడుగు దాకా తానే నడిచి వెళ్లి వచ్చారు. అంత దూరం వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

మధ్యాహ్నం జుబేదా అక్క అన్నం గిన్నెలు తెచ్చి, చీర కుచ్చిళ్లు ఎగదోపి తనూ దిగింది. కాసేపటికి గొడుగు మూసిన చప్పుడైంది. శ్రుతకీర్తి ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ముఖం చిట్లించుకుంటూ బురదలో పాదం పెట్టింది.

"ప్రతిసాక్షి గట్టు మీదే ఉండాలని నియమమేం లేదు," అంది ఎవరూ అడగకుండానే. "చదివాను."

ఐదు గంటలకు పది తాబేళ్లయ్యాయి. గొట్టాల యంత్రం వాళ్లు రేపటి హద్దు కోసం ఎర్ర జెండా తెచ్చి మా నుంచి వంద అడుగుల దూరంలో పాతారు. కాళ్లు బిగుసుకుపోయాయి. ఇక చాలనుకుని గట్టు వైపు తిరిగాను.

"తరణీ." శ్రుతకీర్తి నడి కాలువలో ఒంటికాలి మీద నిలబడి ఉంది. "నా పాదం కింద ఏదో ఉంది."

"ఏముంది?"

"చాలా చిన్నది. నెడుతోంది. పాదం దించలేను, వెనక్కీ తీయలేను. రా."

"తాబేలని ఎలా తెలుసు?"

ఆమె నా వైపు చూసిన చూపు ఏ పోటీలోనూ చూడలేదు. "తెలుసు. కారణాలు తర్వాత చెప్తాను. ముందు దాన్ని తియ్యి, పడిపోతున్నాను."

బాబాయ్ ఆమె మోచెయ్యి పట్టుకున్నారు. నేను మోకాళ్ల మీద కూలబడి, ఆమె పాదం కింద చేతులు దూర్చి, బురదతో సహా పైకి తీశాను. జుబేదా అక్క చెంబుతో నీళ్లు పోసింది. నా అరచేతిలో సగం కూడా లేదు. నిరుడు పుట్టినదై ఉంటుంది. పుట్టిందంటే దీనికి తల్లి ఉంది, గట్టున ఎక్కడో గుడ్లు పెట్టిన గుంట ఉంది. ప్రాణులు సున్న అని మేం ఏటా రాసుకుంటూ వచ్చిన కాలువలో ఇవి ఏటా పుడుతూనే ఉన్నాయి.

నలుగురం దాని మీదికి వంగాం. అది వెనక తలుపులు రెండూ తెరిచి, నా బొటనవేలిని కాళ్లతో తన్ని, ఎగువ ఎటుందో వెతుక్కోసాగింది.